నేవీలో రోజూ మందు పోస్తారంటున్నారు, నిజమేనా?

బొబ్బిలి నాన్న (శనివారం రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మావాడికి పద్దెనిమిది నిండాయి. ఇంటర్ అయ్యాక అగ్నివీర్ నేవీకి రాసి సెలెక్టయ్యాడు. వచ్చే నెల ఒడిశాలో ఐఎన్ఎస్ చిల్కాలో ట్రైనింగ్‌కి చేరాలి. మొన్న ఆదివారం మా తమ్ముడు భోజనానికి వచ్చేదాకా ఇంట్లో అందరం సంతోషంగానే ఉన్నాం.

పప్పులో నెయ్యి కలుపుకుంటూ అన్నాడు: "ఇంకేం అన్నయ్యా, మిలట్రీ మందుకి నీకు లోటు లేదు. ఓడలో రోజూ లైన్లో నిలబెట్టి గ్లాసులో రమ్ము పోస్తారంట, గవర్నమెంటు లెక్కలోనే." వాడు సరదాకే అన్నాడు. వడ్డిస్తున్న మా ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్నగారు సారా తాగి తాగి పోయారు, అప్పుడు తను నాలుగో తరగతి. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే మాట: ఈ ఉద్యోగం వద్దు, వాడు డిగ్రీలో చేరతాడు.

నేవీలో చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆవిడకి చదివి వినిపిస్తాను.

సింహాచలం సంపెంగ (రాత్రి 9:52)

ముందు మీ తమ్ముడిని పంపించండి సార్ నేవీకి. వారంలో తిరిగొచ్చి అసలు సంగతి ఆయనే చెప్తారు.

డాల్ఫిన్ హిల్ చీఫ్ (రాత్రి 10:31)

బొబ్బిలి నాన్న గారూ, నేను నేవీలో చేసి చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా, అంటే ఆఫీసర్ల కింద జవాన్లలో పై ర్యాంకులో, రిటైరయ్యాను. విశాఖలో, ముంబైలో ఓడల మీదే ఎక్కువ కాలం. చూసింది చెప్తాను.

ఓడ సెయిలింగ్‌లో ఉంటే మందు లేదు. వార్డ్‌రూమ్‌లో, అంటే ఆఫీసర్లు కూర్చుని తినే గదిలో, బార్ ఉంటుంది, అదీ మూసే ఉంటుంది. రేవు వదిలాక ఓడలో పగలూ రాత్రీ తేడా తెలియదు. నాలుగు గంటలు వాచ్, అంటే కాపలా డ్యూటీ, మిగతా టైంలో మెయింటెనెన్స్, మధ్యలో ఎప్పుడు పడితే అప్పుడు ఫైర్ డ్రిల్లు. అర్ధరాత్రి బంకు మీంచి దూకి, ఊగే నిచ్చెనల మీద పరిగెత్తి, రెండు నిమిషాల్లో మన చోట మనం ఉండాలి. అక్కడ ఒక పెగ్గు వేసుకున్నవాడు వాడి కాలే కాదు, వెనకొచ్చేవాడి కాలు కూడా విరగ్గొడతాడు.

హార్బర్‌లో ఉన్నప్పుడు సంగతి వేరు. సాయంత్రం, డ్యూటీ వాచ్‌లో లేనివాళ్ళకి, లెక్క ప్రకారం. నేను చూసినంతలో అది జేబులోంచి డబ్బు పెట్టి తీసుకున్నదే. రిజిస్టర్‌లో పేరు, పక్కన సంతకం. ఎవడు ఎంత తీసుకున్నాడో నెలాఖరుకి మమ్మల్ని చూసుకునే డివిజనల్ ఆఫీసర్ వేలు పెట్టి చూపించగలడు.

ఇంక చిల్కాలోనా? ట్రైనీలకి మందు వాసన కూడా తగలదు. పొద్దున పీటీ, పరేడ్, ఈత. సాయంత్రానికి వాళ్ళకి కావాల్సింది పరుపే.

పాత ఓడల పిచ్చి (రాత్రి 11:15)

మీ తమ్ముడు గారు పూర్తిగా కల్పించి చెప్పలేదు. దేశమూ కాలమూ కలిపేశారంతే. ఆయన చెప్పింది బ్రిటిష్ రాయల్ నేవీ సంగతి. అది కూడా 1970లో ఆగిపోయింది.

మొదట్లో వాళ్ళ ఓడల్లో రోజుకి మనిషికి ఒక గ్యాలన్ బీరు ఇచ్చేవాళ్ళు. తాగుబోతులని కాదు. పీపాల్లో నీళ్ళు కొన్ని వారాలకే పాచి పట్టి కంపు కొట్టేవి, బీరు అంతకన్నా కాస్త ఎక్కువ రోజులు నిలిచేది. 1655లో ఇంగ్లీషువాళ్ళు జమైకా పట్టుకున్నాక చెరకు రమ్ము చేతికి అందింది. చెడిపోదు, తక్కువ చోటు పడుతుంది. అలా రోజుకి అర పైంటు రమ్ము లెక్క మొదలైంది.

సింహాచలం సంపెంగ (రాత్రి 11:21)

అర పైంటు అంటే మన భాషలో చెప్పండి మాస్టారూ.

పాత ఓడల పిచ్చి (రాత్రి 11:38)

పాత కొలతల్లో తేడాలున్నాయి గానీ పావు లీటరుకి అటూ ఇటూ. అంటే ఒక క్వార్టర్ సీసా దించినా ఇంకా మిగులుతుంది. నీళ్ళు కలపకుండా, రోజూ! పైన తెరచాప కొయ్యలెక్కి పని చేయాల్సిన మనుషులకి.

మనుషులు పడిపోతున్నారని 1740లో అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ ఒక ఆర్డర్ వేశాడు. ఆ అర పైంటుకి నాలుగింతలు నీళ్ళు కలపాలి, ఒకేసారి కాకుండా రోజుకి రెండు సార్లుగా పోయాలి. కలపడం కూడా డెక్ మీద, అందరి కళ్ళ ముందు జరగాలి. ఆయన గ్రోగ్రామ్ అనే ముతక బట్టతో కుట్టిన కోటు వేసుకునేవాడు, అందుకని నావికులు 'ఓల్డ్ గ్రాగ్' అని పేరు పెట్టారు. నీళ్ళు కలిపిన రమ్ముకి ఆ పేరే అంటుకుంది. తూలుతున్నవాణ్ణి గ్రాగీ అనడం అక్కడి నుంచే.

తర్వాత కొలత తగ్గిస్తూ వచ్చారు. 1820ల్లో సగం, 1850 దాటాక మళ్ళీ సగం. చివరికి మిగిలింది పైంటులో ఎనిమిదో వంతు, 71 మిల్లీలీటర్లు. దాన్నే టాట్ అనేవాళ్ళు. మరీ తక్కువ అనుకోకండి. ఆ రమ్ములో ఆల్కహాలు 54 శాతం పైన. మన దుకాణంలో దొరికే 42.8 శాతం సరుకుతో పోలిస్తే ఒకటిన్నర పెద్ద పెగ్గు. అదీ మధ్యాహ్నం భోజనానికి ముందు.

ఉద్దానం సెకండింజనీర్ (ఆదివారం ఉదయం 6:05)

మర్చంట్ నేవీ నుంచి నమస్తే. మా ఊళ్ళో కూడా ఇదే గొడవ, 'నేవీ' అంటే అన్నీ ఒకటే అనుకుంటారు. మాది సరుకు ఓడ, యూనిఫాం ఉన్నా యుద్ధం లేదు.

మా ఓడల్లో బాండెడ్ స్టోర్ అని ఒక గది ఉంటుంది. పన్ను లేని సిగరెట్లు, బీరు అందులోనే. రేవులోకి రాగానే కస్టమ్స్‌వాళ్ళు తలుపుకి సీలు వేసి పోతారు, సముద్రంలోకి వెళ్ళాకే తీస్తారు. చూశారా, యుద్ధనౌకకి పూర్తిగా తిరగేసి! అక్కడ రేవులో తెరుస్తారు, ఇక్కడ రేవులో మూస్తారు.

కానీ ఇప్పుడు ఆ గదిలో జ్యూసులు, చాక్లెట్లే ఎక్కువ. ఓడ సిబ్బంది ట్రైనింగ్ నియమాలకి 2010లో మనీలాలో చేసిన సవరణల తర్వాత అంతర్జాతీయంగా ఒక హద్దు వచ్చింది: రక్తంలో ఆల్కహాలు 0.05 శాతం, ఊపిరిలో లీటరుకి 0.25 మిల్లీగ్రాములు. చాలా కంపెనీలు ఇంకా ముందుకెళ్ళి సున్నా అన్నాయి, ముఖ్యంగా చమురు మోసే ట్యాంకర్లలో. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి కెప్టెన్ తలుపు కొట్టి బ్రెత్ ఎనలైజర్ నోట్లో పెట్టించాడు. అందరికీ జీరో వచ్చింది, ఒక్కడికి తప్ప. ముందు రోజు సాయంత్రం ఒడ్డుకెళ్ళి పుట్టినరోజు చేసుకున్నాడు. తర్వాతి రేవులో వాడి బ్యాగు వాడి చేతికిచ్చి ఇంటికి పంపేశారు. పేర్లు వద్దు. ఇంత కట్టడి ఎందుకంటే, 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకర్‌ని కెప్టెన్ తాగి రాతి దిబ్బకి గుద్దేశాడు కదా, అప్పట్నుంచే.

పాత ఓడల పిచ్చి (ఉదయం 8:20)

ఒక చిన్న సవరణ. ఎక్సాన్ వాల్డెజ్ కెప్టెన్ ఒడ్డున తాగినట్టు ఒప్పుకున్నాడు, నిజమే. కానీ తాగి ఓడ నడిపాడన్న నేరాన్ని జ్యూరీ కొట్టేసింది. నిర్లక్ష్యంగా చమురు పారబోసినందుకు మాత్రమే శిక్ష పడింది. ఓడ గుద్దుకున్నప్పుడు ఆయన బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే చోట కూడా లేడు. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం మందునే.

ఉద్దానం సెకండింజనీర్ (ఉదయం 8:26)

అది నాకు తెలియదు అన్నా. మాకు ట్రైనింగ్‌లో 'వోడ్కా, ఆ తర్వాత గుద్దు' అనే చెప్పారు.

నార్ఫోక్ నుంచి (ఉదయం 9:10)

అమెరికా నేవీలో ఉన్నాను, పుట్టింది రాజమండ్రిలో. మావి డ్రై షిప్స్, అంటే మందు లేని ఓడలు. ఇక్కడ కూడా తొలిరోజుల్లో రోజుకి అర పైంటు ఇచ్చేవాళ్ళు, 1862లో ఆపేశారు. కానీ ఆఫీసర్ల వైన్ అలాగే నడిచింది. నేవీ మంత్రి జోసెఫస్ డేనియల్స్ 1914 జులై 1 నుంచి దాన్ని కూడా తీసేశాడు. జవానుకి లేనిది ఆఫీసరుకి ఎందుకు అన్నది ఆయన వాదనల్లో ఒకటి.

ఒక్క మినహాయింపు ఉంది. రేవు ముఖం చూడకుండా 45 రోజులు సముద్రంలో ఉంటే బీర్ డే. మనిషికి రెండు క్యాన్లు. నాకు ఒక్కసారి దక్కింది. ఎండలో కాలే ఫ్లైట్ డెక్ మీద గంటకు పైగా క్యూలో నిలబడ్డాం. దాచుకోకుండా మూత తీసి మరీ చేతికిచ్చారు. అప్పటికే గోరువెచ్చగా ఉంది, రుచి చూస్తే మామూలు చవక బీరు. అయినా మా చీఫ్, యాభై ఏళ్ళ మనిషి, ఆ క్యాన్‌ని రెండు చేతులతో పట్టుకుని గుళ్ళో తీర్థంలా తాగాడు. నేను రెండోది మా బంకుమేటుకి ఇచ్చి, నా వంతు కంపార్ట్‌మెంట్ క్లీనింగ్ వాడి చేత చేయించాను.

పాత ఓడల పిచ్చి (ఉదయం 9:34)

నార్ఫోక్ గారూ, మీరు చేసిన బేరానికి పెద్ద చరిత్రే ఉంది. బ్రిటిష్ ఓడల్లో టాట్ అంటే డబ్బు. ఎవరైనా నీ డ్యూటీ చేసి పెడితే నీ గ్లాసులోంచి 'సిప్పర్స్', అంటే పెదవి తడిసేంత. పెద్ద సాయమైతే 'గల్పర్స్', ఒక గుక్కెడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆదుకున్నవాడికి 'శాండీ బాటమ్స్', గ్లాసు అడుగంటా వాడిదే.

ఇంకో మాట, ఇది బొబ్బిలి నాన్న గారి ఇంట్లో చదవడానికి. రోజూ పోసే ఆ కాలం చివర్లో కూడా ఇరవై ఏళ్ళు నిండనివాడికి పోసేవాళ్ళు కాదు. పుస్తకంలో పేరు పక్కన 'యూఏ' అని రాసేవాళ్ళు, అండర్ ఏజ్ అని. ఇరవై దాటినా నాకొద్దు అన్నవాడికి 'టీ' అని రాసి, రమ్ముకి బదులు రోజుకి మూడు పెన్నీలు జీతంలో కలిపేవాళ్ళు.

సింహాచలం సంపెంగ (ఉదయం 9:50)

మూడు పెన్నీలకి ఎవడు ఒప్పుకుంటాడండీ! సరే, మందు ఎందుకు ఆపారు మరి? అమెరికావాడిది నీతి. బ్రిటిష్‌వాడికి అంత నీతి ఎప్పుడొచ్చింది?

పాత ఓడల పిచ్చి (ఉదయం 10:12)

నీతి కాదు, మిషన్లు. 1970 జనవరి 28న పార్లమెంటులో దీని మీదే చర్చ జరిగింది. తాడు లాగేవాడు తూలితే తాడే జారుతుంది. క్షిపణులు, రాడార్లు, ఎలక్ట్రానిక్స్ ముందు కూర్చునేవాడికి మధ్యాహ్నానికే ఒకటిన్నర పెగ్గు పోస్తే ఎలా అన్నారు. ఆ ఏడాది జులై 31న చివరి టాట్. బ్లాక్ టాట్ డే అంటారు. కొన్ని చోట్ల చేతులకి నల్ల పట్టీలు కట్టుకున్నారు, శవపేటిక మోసి ఊరేగింపు కూడా తీశారు. బదులుగా బీరు వాటా కాస్త పెంచారు. కెనడా 1972లో, న్యూజిలాండ్ 1990లో ఆపేశాయి.

నాకు నచ్చేది ఆ పోసే తంతు. పొద్దున పదకొండింటికి 'అప్ స్పిరిట్స్' అని పిలుపు. తాళాలు తీసుకుని ఆఫీసరు సమక్షంలో పీపా తెరవడం. ఓక్ తొట్టి మీద ఇత్తడి అక్షరాలతో రాణికి దీవెన. పెట్టీ ఆఫీసర్లకి రమ్ము ఉత్తదే, కింది వాళ్ళకి రెండింతలు నీళ్ళు కలిపి. నీళ్ళు కలిపింది నిలవ ఉండదు కాబట్టి దాచుకోలేరు. మిగిలిపోయింది అందరూ చూస్తుండగా సముద్రం పాలు.

నార్ఫోక్ నుంచి (ఉదయం 10:30)

ఆపేస్తే జనం ఊరుకోరని కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో మా టార్పెడోల, అంటే నీళ్ళలో దూసుకెళ్ళి ఓడల్ని పేల్చే ఆయుధాల, ఇంజన్లలో వాడే ఇంధనం ఆల్కహాలే. మా నావికులు దాన్నే తోడుకుని జ్యూసు కలిపి తాగేవాళ్ళు, పేరు 'టార్పెడో జ్యూస్'. తాగకుండా అందులో పేగులు మెలిపెట్టే క్రోటన్ నూనె కలిపితే, బ్రెడ్డులోంచి వడగట్టడం మొదలుపెట్టారట.

సింహాచలం సంపెంగ (ఉదయం 10:41)

మనకి కొత్తేముంది! నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా దుకాణాల మీద పడ్డారు, 1993లో సారా పోయింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ మొత్తం బంద్ చేశారు. రెండేళ్ళు తిరిగేసరికి మళ్ళీ దుకాణాలు. నిషేధం ఎక్కడా నిలవదు.

డాల్ఫిన్ హిల్ చీఫ్ (ఉదయం 11:05)

రాష్ట్రంలోకి రావడానికి వంద దారులు తమ్ముడూ. ఓడకి ఉండేది ఒక్క గ్యాంగ్‌వే, ఎక్కి దిగే దారి. అక్కడ మనిషి నిలబడి ఉంటాడు, నీ బ్యాగూ నీ నోరూ రెండూ చూస్తాడు.

బొబ్బిలి నాన్న గారికి ఇంకొక్కటి చెప్పాలి. నేవీ చట్టం 1957లో తాగి ఉండటమే ఒక నేరం. యాక్టివ్ సర్వీసులో అయితే రెండేళ్ళ దాకా జైలు, లేకపోతే ఆరు నెలల దాకా. ఆ సెక్షన్‌లో ఒక మాట నాకు ఇప్పటికీ గుర్తు. చేస్తున్న డ్యూటీకే కాదు, పిలిస్తే చేయాల్సి రాగల ఏ డ్యూటీకైనా పనికిరాకుండా ఉంటే చాలు, తాగినట్టే. మా మొదటి చీఫ్ దాన్ని హిందీలో విడమర్చి చెప్పి, "సముద్రంలో నీకు ఖాళీ టైం అనేది లేదు" అన్నాడు.

అయితే తీపి మాటలే చెప్పి తప్పుకోను. ప్రమాదం ఉండేది ఒడ్డునే. 2011లో బ్రిటన్‌వాళ్ళ అణు జలాంతర్గామి అస్ట్యూట్ సౌతాంప్టన్ రేవులో ఉండగా, ఒడ్డున విపరీతంగా తాగి వచ్చిన ఒక నావికుడు తుపాకీ డ్యూటీకి ఎక్కి సొంత ఆఫీసర్నే కాల్చి చంపాడు. 2014లో కెనడావాళ్ళు తమ ఓడ వైట్‌హార్స్‌ని శాన్‌డియాగో నుంచి విన్యాసాల మధ్యలోనే వెనక్కి పిలిపించుకున్నారు, తమ నావికులు ఒడ్డున పరువు తీస్తున్నారని. ఆ ఏడాది చివర్లో సముద్రంలో మందు దాదాపు బంద్ చేశారు.

బొబ్బిలి నాన్న (మధ్యాహ్నం 1:15)

చీఫ్ గారూ, ఇదంతా చదివి వినిపించాను. మా ఆవిడ ఒకటే అడుగుతోంది. సీనియర్లు బలవంతం చేస్తే? నలుగురిలో వద్దంటే వెలివేయరా?

డాల్ఫిన్ హిల్ చీఫ్ (మధ్యాహ్నం 2:02)

చేయి పట్టుకుని పోసేవాడు ఉండడమ్మా. 'మగాడివి కాదా' అని గుచ్చేవాడు ఉంటాడు. నేను మొదటి ఏడాది తాగలేదు, రెండో ఏడాది మొదలుపెట్టాను, మానడానికి పదకొండేళ్ళు పట్టింది. మొదలుపెట్టింది ఓడలో కాదు, మల్కాపురంలో ఒక స్నేహితుడి గదిలో, లిబర్టీ రోజున, అంటే ఓడ దిగి ఊళ్ళోకి వెళ్ళనిచ్చిన రోజున. మా బ్యాచ్‌లో ఒంగోలు కుర్రాడు ఒకడు ఉండేవాడు. మొదటి రోజే గ్లాసులో థమ్సప్ పోసుకుని అందరికన్నా ముందు ఛీర్స్ కొట్టేవాడు. ఆ గ్లాసులో ఏముందని ఎవరూ అడగలేదు. రిటైరయ్యేదాకా అంతే.

నేవీ ఇల్లాలు (మధ్యాహ్నం 3:20)

ఇంతమంది ఓడ గురించి మాట్లాడారు, ఇంటి గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఆయన తాగరు. అయినా మా ఇంటికొచ్చే చుట్టాలకి, మిలట్రీ క్యాంటీన్‌లో చవగ్గా మందు కొనుక్కునే మా క్యాంటీన్ కార్డే దేవుడు. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు బొట్టు పెట్టి, కాఫీ తాగి, చెప్పులేసుకుంటూ మెల్లిగా అడుగుతారు, "పెళ్ళికి ఓ ఆరు సర్దగలరా?" లేదంటే, "అంత పెద్ద ఉద్యోగం, ఆ మాత్రం చేయలేడా" అని ఊరంతా. ఇద్దామనుకున్నా కోటా సరుకు బయటివాళ్ళకి మళ్ళించకూడదు. దొరికితే కార్డూ పోతుంది, కేసూ అవుతుంది. మా ఆడపడుచు భర్త మూడేళ్ళుగా మా ఇంటికి రావడం లేదు, దీనికే.

అమ్మా, మీ బాబు గురించి భయపడకండి. మీ మరిది గారి విషయంలోనే గట్టిగా ఉండండి.

మోడరేటర్ (మధ్యాహ్నం 3:45)

కోటా సరుకు 'దొరుకుతుందా' అని అడిగిన రెండు పోస్టులు తీసేశాం. మళ్ళీ పెడితే ఐడీ బ్లాక్ చేస్తాం.

సింహాచలం సంపెంగ (మధ్యాహ్నం 3:48)

అందులో ఒకటి నాది. సరదాకే పెట్టాను, మన్నించండి.

బొబ్బిలి నాన్న (రాత్రి 8:55)

అందరికీ ధన్యవాదాలు. నేవీ ఇల్లాలు గారి పోస్టు మా ఆవిడ తనే ఫోను తీసుకుని రెండు సార్లు చదివింది. సాయంత్రం మా తమ్ముడు ఫోన్ చేశాడు, మావాడు ఏ రోజు బయల్దేరుతున్నాడని. "నీకెందుకు మరిదీ, క్యాంటీన్ కార్డు వచ్చాక చెప్తాలే" అని పెట్టేసింది. డిగ్రీ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు ఇంకొకటి అడగమంటోంది: చిల్కాలో ఉన్నన్నాళ్ళు వాడితో ఫోన్లో మాట్లాడనిస్తారా, ఎన్నాళ్ళకోసారి?

డాల్ఫిన్ హిల్ చీఫ్ (రాత్రి 9:30)

మొదట్లో తక్కువేనమ్మా, రోజూ కుదరదు. మా రోజుల్లో ఆదివారం ఎస్టీడీ బూత్ ముందు క్యూ కట్టేవాళ్ళం, మన వంతు వచ్చేసరికి భోజనం గంట కొట్టేసేవాళ్ళు. ఇప్పుడు అంత కష్టం ఉండదు. వాడు చేసినప్పుడు మాత్రం తెలియని నంబరు నుంచి వస్తుంది, స్పామ్ అనుకుని కట్ చేయకండి. ఇంకో సంగతి, పెట్టెకి తాళంకప్పలు రెండు కొనండి. ఒకటి మొదటి వారంలోనే పోతుంది.